మందు వికటించి తోలు ఊడుతున్నప్పుడు ఇచ్చే ఇమ్యునిటీ తగ్గించే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చర్మవ్యాధుల వార్డులో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్నలు కొత్త కాదు. ప్రతిసారీ వేరే కుటుంబం, వేరే ఊరు, కానీ ఐసీయూ తలుపు దగ్గర నిలబడి అడిగేవి మాత్రం ఇవే. అప్పటికే వాళ్లకు నిద్ర లేక, టెన్షన్‌తో, చెప్పింది సగం బుర్రకెక్కదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు ఏ ప్రశ్న కావాలో అక్కడికే వెళ్లి చదువుకోండి. ఇందులో మందుల మోతాదులు చెప్పింది మీరు సొంతంగా వాడటానికి కాదు, డాక్టర్ చెప్పేది అర్థం చేసుకుని తిరిగి సరైన ప్రశ్న అడగడానికి.

## ఇంటి దగ్గర, మొదటి రెండు మూడు రోజులు

మందు వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. మామూలు ఎలర్జీనా, ప్రాణం మీదికి వచ్చేదా?

మందులతో వచ్చే దద్దుర్లలో ఎక్కువ శాతం దురద పెట్టి, మందు ఆపితే వారం పది రోజుల్లో తగ్గిపోయేవే. భయపడాల్సిన వాటికి గుర్తులు వేరు. దురద కంటే మంట, నొప్పి ఎక్కువ ఉంటుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. పెదవులు, నోరు పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేరు. కళ్లు ఎర్రబడి తెరవలేరు, మూత్రం పోసేటప్పుడు మంట ఉంటుంది. మచ్చలు ఎర్రగా కాకుండా మధ్యలో కమిలినట్టు నల్లగా ఉంటాయి, వాటి మీద బొబ్బలు లేస్తాయి, వేలితో కొంచెం పక్కకు నెడితే ఉడికిన టమాటా తోలులా పైపొర జారిపోతుంది. ఇంకో రకంలో బొబ్బలు ఉండవు గానీ జ్వరం, ముఖం వాపు, మెడలో గడ్డలు, కళ్లు పచ్చబడటం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.

ఎస్‌జేఎస్, టెన్, డ్రెస్ అని రకరకాలుగా రాస్తున్నారు. అన్నీ ఒకటేనా?

మొదటి రెండూ ఒకే జబ్బు, తీవ్రతలోనే తేడా. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, అంటే ఎస్‌జేఎస్‌లో ఒంటి చర్మంలో 10 శాతం లోపు ఊడుతుంది. 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్, పొట్టిగా టెన్. ఈ రెంటికీ మధ్యలో ఉంటే ఓవర్‌ల్యాప్ అని రాస్తారు. మొదటిదాన్ని 1922లో ఇద్దరు అమెరికన్ పిల్లల డాక్టర్లు, రెండోదాన్ని 1956లో అలన్ లయెల్ అనే స్కాట్లాండ్ చర్మ వైద్యుడు వివరించారు, అందుకే పాత పుస్తకాల్లో లయెల్ సిండ్రోమ్ అని కూడా కనిపిస్తుంది. డ్రెస్ వేరే జబ్బు. అందులో చర్మం ఊడటం కంటే లివర్, కిడ్నీ, గుండె లాంటి లోపలి అవయవాలు దెబ్బతినడం అసలు ప్రమాదం, రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు బాగా పెరుగుతాయి.

మా ఊళ్లో అమ్మవారు పోసిందంటున్నారు. వేపాకు పరిచి పడుకోబెట్టాం. పర్వాలేదా?

పర్వాలేదని చెప్పలేను. మేం చూసే ఆలస్యాల్లో చాలావరకు ఇక్కడే జరుగుతాయి. అమ్మవారని నమ్మినవాళ్లు ఆస్పత్రికి రారు, ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ నాలుగైదు రోజులూ ఇంట్లో, జబ్బుకు కారణమైన మందు ఆగదు, అదే అసలు ముప్పు. బొబ్బలు వచ్చిన మనిషి గత రెండు నెలల్లో కొత్త మందు ఏదైనా మొదలుపెట్టి ఉంటే ముందు డాక్టర్‌కు చూపించండి. ఊడిన చోట పసుపు, కొబ్బరినూనె, పౌడర్, ఆకు పసర్లు ఏవీ రాయొద్దు. శుభ్రమైన పాత నూలు బట్ట కప్పి తీసుకురండి, చాలు.

ఈ మందు మూడు వారాల నుంచి వేసుకుంటున్నదే. పడనిదైతే మొదటిరోజే పడకూడదు కదా?

అందరూ అనుకునేది ఇదే, కానీ ఈ జబ్బు అలా రాదు. ఎస్‌జేఎస్, టెన్ సాధారణంగా మందు మొదలుపెట్టిన 4 నుంచి 28 రోజుల మధ్య వస్తాయి, డ్రెస్ అయితే 2 నుంచి 8 వారాలు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న బీపీ మాత్ర కంటే పోయిన నెల కొత్తగా మొదలైన మాత్ర మీదే అనుమానం పెట్టాలి. ఇంకో తికమక కూడా ఉంది. ఈ జబ్బు మొదట జ్వరం, గొంతునొప్పితో మొదలవుతుంది, దానికి పారాసెటమాలో యాంటీబయాటికో వేస్తారు, మర్నాడు బొబ్బలు కనిపిస్తాయి. నింద నిన్నటి మాత్ర మీద పడుతుంది, అసలు మందు మాత్రం పెట్టెలో అలాగే ఉంటుంది, రోజూ వేస్తూనే ఉంటారు.

ఎక్కువసార్లు పట్టుబడేవి ఇవి: ఫిట్స్‌కు, ముఖం నరాల నొప్పికి ఇచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్, కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులు, సల్ఫాసలజిన్, హెచ్ఐవీకి వాడే నెవిరపిన్, పైరాక్సికామ్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మాత్రలు. అల్లోప్యూరినాల్ గురించి ఒక మాట చెప్పాలి. కీలు వాచలేదు, రాయి లేదు, హెల్త్ చెకప్ రిపోర్టులో యూరిక్ యాసిడ్ అంకె పక్కన ఎర్ర గుర్తు ఉందంతే, దానికి ఈ మాత్ర మొదలుపెట్టి మూడో వారానికి వార్డుకు వచ్చినవాళ్లను చూస్తే చాలా బాధేస్తుంది. గౌట్ ఉన్నవాళ్లకు ఇది మంచి మందు. ఉత్త అంకె కోసం మొదలుపెట్టే ముందు మాత్రం, నాకిది నిజంగా అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి సహా, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, ఆయుర్వేదం చూర్ణాలు, పాత చీటీలు అన్నీ ఒక కవర్లో వేసి తీసుకురండి. తెల్లమాత్ర, ఎర్రమాత్ర అని చెబితే ఎవరికీ ఏమీ తెలియదు.

ఫిట్స్ మాత్ర ఆపేస్తే మళ్లీ ఫిట్స్ వస్తాయేమో. నిజంగా ఆపాలా?

ఆపాలి. ఎస్‌జేఎస్ లక్షణాలుంటే అనుమానం ఉన్న మాత్రను తర్వాతి డోసు నుంచే వేయకూడదు. ఎంత త్వరగా ఆపితే అంతగా బతికే అవకాశం పెరుగుతుంది, ముఖ్యంగా ఒంట్లోంచి త్వరగా బయటికి పోయే మందుల విషయంలో. అయితే ఆపేసి ఇంట్లో కూర్చోవడం కాదు, అదే రోజు ఆస్పత్రిలో ఉండాలి. అక్కడ లెవెటిరాసెటమ్ లాంటి వేరే కుటుంబానికి చెందిన మందుతో ఫిట్స్ రాకుండా కాపాడతారు. కార్బమాజెపిన్ పడకపోతే ఫెనిటాయిన్‌కో ఫినోబార్బిటోన్‌కో మార్చడం మాత్రం కుదరదు, వీటిలో ఒకటి పడనివాళ్లకు మిగతావి కూడా పడకపోవచ్చు.

## ఆస్పత్రిలో చేరిన రోజు

దగ్గర్లో తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ చేర్చొచ్చా?

చర్మం డాక్టర్, ఐసీయూ, కంటి డాక్టర్ ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నచోటు కావాలి. కాలిన గాయాల వార్డు ఉంటే ఇంకా మంచిది. జిల్లాల్లో అయితే మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆస్పత్రి చూడండి. నర్సింగ్ హోమ్‌లో సెలైన్ పెట్టించి మందు ఆపించి, అక్కడ ఆగకుండా పంపించేయమని అడగండి. ఖర్చు గురించి భయం ఉంటే చేరిన వెంటనే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లి కేస్‌షీట్ చూపించి ఆరోగ్యశ్రీలో ఏం వర్తిస్తుందో కనుక్కోండి, డిశ్చార్జ్ రోజు అడిగితే పని జరగదు.

డాక్టర్ స్కోరు నాలుగు అన్నారు. అంటే ఏంటి?

అది స్కార్టెన్ అనే లెక్క, 2000 సంవత్సరం నుంచి వాడుకలో ఉంది. ఏడు అంశాలు చూస్తారు: వయసు 40 దాటిందా, క్యాన్సర్ ఉందా, గుండె నిమిషానికి 120 కంటే ఎక్కువ కొట్టుకుంటోందా, మొదటిరోజే 10 శాతం పైగా చర్మం ఊడిందా, యూరియా పెరిగిందా, షుగర్ 252 దాటిందా, రక్తంలో బైకార్బొనేట్ 20 కంటే తగ్గిందా. ఒక్కోదానికి ఒక మార్కు. సున్నా, ఒకటి అయితే ప్రాణాపాయం సుమారు 3 శాతం, రెండుకు 12, మూడుకు 35, నాలుగుకు 58, ఐదు అంతకు మించితే 90. వినడానికి కఠినంగా ఉంటుంది, తెలుసు. ఇవి ఎందరో పేషెంట్లను కలిపి వేసిన సగటు లెక్కలు, మీ మనిషి జాతకం కాదు. చేరిన 24 గంటల్లో ఒకసారి, మూడో రోజు మళ్లీ లెక్కిస్తారు, అప్పటికి తగ్గిందా పెరిగిందా అన్నది అడగండి.

ఇన్ఫెక్షన్ వస్తే ప్రమాదం అంటూనే ఇమ్యునిటీ తగ్గించే మందు ఇస్తామంటున్నారు. ఇదేం లెక్క?

చాలా న్యాయమైన ప్రశ్న, నిజానికి ఈ వైద్యంలో ఉన్న చిక్కంతా ఇదే.

ఇక్కడ చర్మాన్ని చంపుతున్నది మందు నేరుగా కాదు, క్రిమి అసలే కాదు. మన ఒంట్లోని టి కణాలు, అంటే క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు. కొందరిలో ఆ మందు కణాల మీద అతుక్కుని ఉండటం చూసి, అవి సొంత చర్మ కణాల్నే వైరస్ సోకిన కణాలనుకుని దాడి చేస్తాయి. గ్రాన్యులైసిన్ అనే విషపు ప్రోటీన్‌ను వదులుతాయి. బొబ్బలోని నీళ్లలో ఇది పెద్ద మొత్తంలో ఉంటుందని తైవాన్ పరిశోధకులు 2008లో చూపించారు. దీనికి తోడు టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతాలు మంటను పెంచుతాయి. పైపొర మొత్తం చచ్చి కింది పొర నుంచి విడిపోతుంది. మందు ఆపినా ఈ దాడి వెంటనే ఆగదు, మొదలైన ఊపు కొన్ని రోజులు నడుస్తుంది. ఆ ఊపును తుంచడానికే ఇమ్యునోసప్రెసెంట్ మందులు.

ఇక రెండో వైపు. పైపొర పోయిన ఒంటికి అడ్డుగోడ లేదు, ఈ జబ్బులో ఎక్కువ మరణాలకు కారణం రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడమే. కాబట్టి దాడి నడుస్తున్న మొదటి రోజుల్లో గట్టిగా, కొద్ది రోజులే ఇచ్చి, దాడి ఆగాక అనవసరంగా సాగదీయకుండా ఆపడమే పద్ధతి. తోలు ఊడటం ఆగిపోయి, మాన్పు మొదలయ్యాక చేరిన పేషెంట్‌కు ఈ మందులు మొదలుపెట్టడం వల్ల లాభం తక్కువ, నష్టం ఎక్కువ. అలాంటప్పుడు డాక్టర్ ఇవ్వనంటే మీ వాళ్లను వదిలేశారని కాదు.

## ఏ మందు, ఎందుకు

స్టెరాయిడ్ పెడుతున్నారు. స్టెరాయిడ్ మంచిది కాదంటారు కదా?

నెలల తరబడి, అడ్డూ అదుపూ లేకుండా వాడితే మంచిది కాదు. ఇక్కడ వాడేది రోజుల లెక్కన. మన దేశంలో చర్మ వైద్యుల సంఘం తరఫున 2016లో వచ్చిన మార్గదర్శకాలు, స్టెరాయిడ్‌ను వీలైతే మొదటి 72 గంటల్లోనే మొదలుపెట్టి, మామూలుగా కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానంగా ఇచ్చి, తగ్గుముఖం పట్టగానే 7 నుంచి 10 రోజుల్లో తగ్గించేయమంటాయి. డెక్సామెథసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్లు కూడా ఈ కోవలోవే.

అన్ని దేశాల వైద్యులూ దీన్ని ఒప్పుకోరు. యూరప్‌లో చాలాచోట్ల స్టెరాయిడ్ లేకుండా, గట్టి నర్సింగ్‌తో నడిపిస్తారు. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ రెండూ ఆశాజనకంగా తేలాయి. నా అభిప్రాయం అడిగితే, త్వరగా మొదలుపెట్టి త్వరగా ఆపేసే స్టెరాయిడ్‌కు నేను వ్యతిరేకం కాదు, ఆలస్యంగా మొదలుపెట్టి మూడు వారాలు లాగే స్టెరాయిడ్ అంటేనే భయం.

సైక్లోస్పోరిన్ కిడ్నీ మార్పిడి వాళ్ల మందు అని మెడికల్ షాపులో చెప్పారు. మా వాళ్ల కిడ్నీలు బాగానే ఉన్నాయి కదా?

షాపు ఆయన చెప్పింది నిజమే, అవయవ మార్పిడికే ఇది 1980లలో వాడుకలోకి వచ్చింది. కొత్త కిడ్నీ మీద దాడి చేసేది కూడా ఆ టి కణాలే కాబట్టి అక్కడా ఇక్కడా ఒకే మందు పనిచేస్తుంది. టి కణం చురుకెక్కడానికి అవసరమైన ఒక మీటను ఇది నొక్కనివ్వదు, స్టెరాయిడ్ లాగా గాయం మానడాన్ని అంతగా అడ్డుకోదు.

మోతాదు రోజుకు కిలో బరువుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా పంచి, 7 నుంచి 14 రోజులు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 180 నుంచి 300 మిల్లీగ్రాములు. నోరు పుండై మింగలేకపోతే ద్రవరూపంలో ముక్కు గొట్టం ద్వారా పోస్తారు. 2010లో ఫ్రాన్స్ డాక్టర్లు 29 మందికి ఇచ్చి చూస్తే, స్కోరు ప్రకారం ఇద్దరు ముగ్గురు చనిపోవాల్సిన చోట ఒక్కరూ చనిపోలేదు. చిన్న అధ్యయనమే అయినా ఆ తర్వాత చాలా ఆస్పత్రుల అనుభవం దాదాపు అటే ఉంది. కిడ్నీ ముందే దెబ్బతిన్నవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు ఇవ్వడానికి వెనకాడతారు.

ఐవీఐజీకి లక్షలు అవుతాయన్నారు. అప్పు చేసైనా పెట్టించాలా?

ఐవీఐజీ అంటే వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. చర్మ కణాల చావుకు దారితీసే ఒక సంకేతాన్ని ఇది అడ్డుకుంటుందని 1998లో తేలాక ప్రపంచమంతా వాడారు. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో అది ఒక్కటే ఇచ్చినవాళ్లలో మరణాలు కచ్చితంగా తగ్గినట్టు నిరూపణ కాలేదు. మొత్తం డోసు మామూలుగా కిలోకు 2 గ్రాములు, 60 కిలోల మనిషికి 120 గ్రాములు. ఖర్చు గ్రాముల లెక్కనే ఉంటుంది కాబట్టి బిల్లు ఎందుకంత వస్తుందో అర్థమవుతుంది. చిన్నపిల్లలు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు, ఇన్ఫెక్షన్ వల్ల మిగతా మందులు ఇవ్వలేనివాళ్ల విషయంలో డాక్టర్ ప్రత్యేకంగా దీన్నే కోరుకోవచ్చు. అలాంటి కారణం ఏమీ లేకుండా, పొలం తాకట్టు పెట్టి ఇదొక్కటే చేయించి, ఐసీయూలో రోజుల ఖర్చుకు డబ్బు లేకుండా చేసుకోవద్దు. సైక్లోస్పోరిన్ ఎందుకు కుదరదు అని నేరుగా అడగండి.

ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో ఆగిపోతుందంటున్నారు, ఎటనర్‌సెప్ట్ అట. నిజమేనా?

కొందరిలో నిజమే. ఇది టీఎన్‌ఎఫ్‌ను పట్టుకునే మందు, కీళ్లవాతానికి వాడతారు. 2014లో ఇటలీలో పదిమందికి 50 మిల్లీగ్రాముల ఒక్క డోసు ఇస్తే పదిమందీ కోలుకున్నారు. 2018లో తైవాన్‌లో స్టెరాయిడ్‌తో పోల్చి చేసిన పరీక్షలో చర్మం మానడానికి స్టెరాయిడ్‌కు 19 రోజులు పడితే దీనికి 14 రోజులే పట్టింది, కడుపులో రక్తస్రావాలు కూడా తక్కువ. మన దగ్గర ఈ మందు దొరుకుతోంది, ఐవీఐజీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. దాగి ఉన్న టీబీ, హెపటైటిస్ బి నిద్రలేచే ప్రమాదం ఉంది కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష పంపి ఇస్తారు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి ఉంటే దాచకుండా చెప్పండి.

జాక్ మందులతో పూర్తిగా నయమైందని వార్తల్లో చదివాను. మాకూ రాయమని అడగొచ్చా?

అడగొచ్చు, కానీ ఇప్పటికి అది ఆశ మాత్రమే. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, టెన్ పేషెంట్ల చర్మంలో జాక్ అనే సంకేత మార్గం విపరీతంగా రగులుతోందని చూపించి, దాన్ని ఆపే మాత్రలు ఏడుగురికి ఇచ్చారు, ఏడుగురూ కోలుకున్నారు. ఏడుగురంటే చాలా తక్కువ. కాగితం మీద బాగుండే ఆలోచన మనిషి మీద ఎదురు తిరిగిన ఉదాహరణ కూడా ఈ జబ్బులోనే ఉంది. టీఎన్‌ఎఫ్‌ను తగ్గిస్తుందని థాలిడొమైడ్‌ను ఫ్రాన్స్‌లో పరీక్షిస్తే, అది తీసుకున్న 12 మందిలో 10 మంది చనిపోయారు, మందు లేని ఉత్త మాత్ర తీసుకున్న 10 మందిలో ముగ్గురు. ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు, 1998లో ఫలితాలు బయటపెట్టారు. అందుకే డాక్టర్లు కొత్త మందు దగ్గర ఆచితూచి అడుగేస్తారు.

మాకు డ్రెస్ అన్నారు. దానికీ ఇదే కోర్సా?

కాదు. డ్రెస్‌లో లోపలి అవయవాలు దెబ్బతింటే స్టెరాయిడే మొదటి మందు, కానీ రోజుల్లో కాదు, వారాలు, నెలల మీద చాలా నెమ్మదిగా తగ్గించాలి. తొందరపడితే జ్వరం, దద్దుర్లు, లివర్ వాపు మళ్లీ తిరగబెడతాయి. ఈ జబ్బులో ఒంట్లో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ జాతి వైరస్‌లు కూడా మేల్కొంటాయి, మధ్యమధ్యలో జబ్బు ఎగదన్నడానికి అదొక కారణం. స్టెరాయిడ్ కుదరనివాళ్లకు సైక్లోస్పోరిన్ ఇస్తారు.

## మందు నడుస్తున్నప్పుడు

మొదలుపెట్టి రెండు రోజులైంది, ఇంకా ఊడుతూనే ఉంది. మందు పనిచేయట్లేదా?

అప్పటికే చచ్చిపోయిన పైపొర ఎలాగూ ఊడాలి, దాన్ని ఏ మందూ తిరిగి అతికించదు. మీరు చూడాల్సింది కొత్త మచ్చలు, కొత్త బొబ్బలు వస్తున్నాయా అన్నది. అవి ఆగడం మొదటి మంచి గుర్తు. ఆ తర్వాత అంచుల నుంచి గులాబీ రంగు కొత్త చర్మం కనిపిస్తుంది, మొత్తం మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రోజూ ఫోన్‌లో ఫొటో తీసుకుంటామంటే డ్యూటీ డాక్టర్‌ను అడిగి తీసుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

రోజూ రక్తం తీస్తున్నారు. ఎందుకిన్ని పరీక్షలు?

సైక్లోస్పోరిన్ కిడ్నీ మీద ఒత్తిడి పెడుతుంది, పొటాషియం, బీపీ పెంచుతుంది. స్టెరాయిడ్ షుగర్‌ను లేపుతుంది, షుగర్ జబ్బు లేనివాళ్లకు కూడా ఇన్సులిన్ పెట్టాల్సి రావచ్చు. తోలు లేని ఒంటి నుంచి నీరు, ఉప్పు, ప్రోటీన్ కారిపోతుంటాయి. వీటన్నిటికీ అద్దం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, షుగర్, తెల్లకణాల లెక్క. ఇమ్యునిటీ తగ్గించినప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు కాబట్టి, మనిషి మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, మూత్రం తగ్గినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. ఫ్లూకొనజోల్, క్లారిథ్రోమైసిన్ లాంటివి సైక్లోస్పోరిన్ మోతాదును రక్తంలో పెంచేస్తాయి, రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. బయటినుంచి మీరు తెచ్చే ఏ మాత్రా అడగకుండా వేయొద్దు.

పుండ్లున్నా యాంటీబయాటిక్ ఎందుకు మొదలుపెట్టట్లేదు?

ఇన్ఫెక్షన్ ఆధారం లేకుండా ముందుజాగ్రత్తగా ఇస్తే మొండి క్రిములు పెరుగుతాయి, పైగా ఇంకో కొత్త మందు ఒంట్లోకి వెళుతుంది. అందుకే శాంపిల్ కల్చర్‌కు పంపి, అవసరమైనప్పుడే ఇస్తారు. సల్ఫా మందు వల్ల వచ్చిన కేసుల్లో కాలిన గాయాలకు రాసే తెల్ల సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము కూడా పనికిరాదు, అందులో ఉన్నది సల్ఫానే.

అరటాకు మీద పడుకోబెట్టారు. ఇంత పెద్దాస్పత్రిలో ఇదేంటి?

కంగారు పడకండి, అది నిర్లక్ష్యం కాదు. మన దేశపు చర్మం వార్డుల్లో ఎప్పటినుంచో ఉన్న మంచి పద్ధతి. దుప్పటి నూలు పచ్చిపుండుకు అతుక్కుని, పక్కకు తిప్పినప్పుడల్లా కొత్త చర్మాన్ని పీకేస్తుంది. శుభ్రం చేసిన లేత అరటాకు నున్నగా, చల్లగా ఉంటుంది, అతుక్కోదు. పక్కకు తిప్పేటప్పుడు చేయి పట్టి లాగకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి కింద నుంచి ఎత్తాలి. ప్లాస్టర్ టేపు ఒంటికి అంటించొద్దు. గది వెచ్చగా ఉంచుతారు, ఏసీ పెంచమని గొడవ చేయొద్దు.

ఏం తినిపించాలి? గోంగూర, వంకాయ, గుడ్డు మాన్పించాం.

గుడ్డు మాన్పించడం పెద్ద నష్టం. ఒళ్లంతా కొత్త చర్మం పుట్టాలంటే ప్రోటీన్ కావాలి. ఇది వేడి చేసి వచ్చిన జబ్బు కాదు, ఏ కూరవల్లా రాలేదు. కారం, పులుపు నోటి పుండుకు మండుతాయి కాబట్టి మానండి, అంతవరకే. పెరుగన్నం మెత్తగా పిసికి, పాలు, పప్పుకట్టు, బాగా ఉడికిన గుడ్డు మెదిపి ఇవ్వొచ్చు. సైక్లోస్పోరిన్ మీద ఉంటే పొటాషియం చూసుకుని కొబ్బరినీళ్లు, అరటిపండు ఇవ్వాలి, డాక్టర్‌ను అడగకుండా గ్లాసులకొద్దీ కొబ్బరినీళ్లు పట్టించొద్దు. ద్రాక్ష జాతి కాదు గానీ గ్రేప్‌ఫ్రూట్ అనే పుల్లటి పండు రసం కూడా ఈ మందుతో కలవదు.

చర్మం జబ్బుకి కంటి డాక్టర్ రోజూ ఎందుకు వస్తున్నారు?

ప్రాణం దక్కాక జీవితాంతం వేధించేది ఎక్కువగా కళ్లే. చర్మంతో పాటు కంటి లోపలి పల్చటి పొర కూడా ఊడి, రెప్ప లోపలి భాగం గుడ్డుకు అతుక్కుపోతుంది. చుక్కలు, రెప్పల కింద గాజు కడ్డీతో అతుకులు విడదీయడం, తీవ్రంగా ఉంటే మొదటి వారంలోనే మాయ పొరను కంటి మీద కప్పడం చేస్తారు. ఒంటికి ఇచ్చే స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ సరిపోతాయిలే అని కంటిని వదిలేయకూడదు. మీ ఆస్పత్రిలో ఇంకా కంటి డాక్టర్ చూడలేదంటే ఈరోజే అడగండి, మొహమాటపడొద్దు.

## ఇంటికి వచ్చాక

స్టెరాయిడ్ మాత్రలు ఇంకా మిగిలాయి. బాగానే ఉంది కదా, ఆపేయనా?

చీటీలో తగ్గించమన్నట్టే తగ్గించండి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అందక నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగొచ్చు. డ్రెస్ వాళ్లకు జబ్బే తిరగబెడుతుంది. అలాగే బాగుంది కదా అని చీటీ అయిపోయాక షాపులో కొనుక్కుని కొనసాగించడం కూడా అంతే ప్రమాదం.

చర్మం మచ్చలుగా ఉంది, గోళ్లు ఊడుతున్నాయి, జుట్టు రాలుతోంది. ఇలాగే ఉండిపోతామా?

జుట్టు నెలల్లో వస్తుంది. గోళ్లు చాలామందికి తిరిగి వస్తాయి, కొందరికి వంకరగా వస్తాయి. మచ్చలు ఏడాది పైన పడుతుంది, ఎండ తగలకుండా ఫుల్‌హ్యాండ్స్ వేసుకోండి, మాయిశ్చరైజర్ రాయండి, తెల్లబరిచే క్రీములు వద్దు. ఆడవాళ్లు చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది, మర్మాంగాల దగ్గర కూడా అతుకులు పడతాయి. డిశ్చార్జ్‌కు ముందే గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి. నిద్రపట్టకపోవడం, ఏ మాత్ర చూసినా భయం వేయడం కూడా చాలామందికి ఉంటుంది, దానికీ వైద్యం ఉంది.

కళ్లు పొడిబారి వెలుతురు చూడలేకపోతున్నాం. ఇంకేం చేయలేమా?

చేయొచ్చు. రెప్ప అంచు గరుకై నల్లగుడ్డును గీరుతుంటే నోటి లోపలి పొర తీసి అక్కడ అతికిస్తారు. కన్నీటిని పట్టి ఉంచే ప్రత్యేకమైన స్క్లీరల్ లెన్సులు ఉన్నాయి. ఈ రెండు పనుల్లోనూ హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి మంచి అనుభవం ఉంది. చూపు పోయేదాకా ఆగకుండా, ముందే వెళితే కాపాడుకునేది ఎక్కువ ఉంటుంది.

డ్రెస్ తగ్గి మూడు నెలలైంది. ఇంకా చెకప్ అవసరమా?

అవసరం. తగ్గిన కొన్ని నెలలకు థైరాయిడ్ దెబ్బతినడం, అరుదుగా ఇన్సులిన్ కావాల్సిన షుగర్ జబ్బు రావడం డ్రెస్‌లో తెలిసిన సంగతే. కనీసం ఏడాదిపాటు మధ్యమధ్యలో థైరాయిడ్, షుగర్, లివర్ పరీక్షలు చేయించుకోండి.

టీకాలు వేయించుకోవచ్చా?

నిర్జీవ టీకాలకు ఇబ్బంది లేదు. బతికున్న క్రిమితో చేసే టీకాలు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ రెండు వారాలు దాటి వాడి ఉంటే, ఆపిన కనీసం నెల తర్వాతే. మిగతా మందులకు గడువు డాక్టర్ చెబుతారు.

## మళ్లీ రాకుండా

మళ్లీ వస్తుందా?

అదే మందు మళ్లీ వేసుకుంటే వస్తుంది, ఈసారి తొందరగా, ఇంకా తీవ్రంగా. కొంచెం వేసి చూద్దాం అనే పరీక్ష ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బ్రాండు పేరు కాదు, అసలు మందు పేరు రాయించుకోండి, ఎందుకంటే ఒకే కార్బమాజెపిన్ పది పేర్లతో దొరుకుతుంది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక కార్డు మీద రాసి లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకోండి, ఫోన్ లాక్ స్క్రీన్ మీద పెట్టుకోండి, ఇంట్లో ఇద్దరికైనా ఆ పేరు నోటికి రావాలి. ఊళ్లో ఆర్‌ఎంపీకీ, మందుల షాపు ఆయనకూ ఒక కాపీ ఇవ్వండి. జ్వరమొచ్చినప్పుడు రాత్రి పది గంటలకు మీరు వెళ్లేది వాళ్ల దగ్గరికే కదా.

మా పిల్లలకు, అన్నదమ్ములకు కూడా వస్తుందా?

అంటుకునే జబ్బు కాదు. కానీ జన్యువు పాత్ర ఉంది. హెచ్ఎల్ఏ బి 1502 అనే రకం ఉన్నవాళ్లకు కార్బమాజెపిన్‌తో ఎస్‌జేఎస్ ముప్పు చాలా ఎక్కువని 2004లో తైవాన్‌లో తేలింది, మన దేశంలోనూ కొందరిలో ఈ రకం ఉంటుంది. అల్లోప్యూరినాల్‌కు హెచ్ఎల్ఏ బి 5801. రక్తసంబంధీకులు ఆ మందు, దాని జాతి మందులు వేసుకోకుండా ఉండటం తెలివైన పని, తప్పనిసరైతే ముందు ఈ పరీక్ష గురించి అడగండి.

ఇది ఎక్కడైనా రిపోర్ట్ చేయాలా? కేసు అవుతుందేమో అని భయం.

కేసు కాదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసుకుంటుంది. ఎవరినీ శిక్షించడానికి కాదు, ఏ మందుతో ఎందరికి ఏమవుతోందో తెలియడానికి. పేషెంట్లు, ఇంటివాళ్లు కూడా నేరుగా చెప్పొచ్చు, ఫారం తెలుగులో కూడా ఉంది. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో అయితే ఫార్మకాలజీ విభాగం వాళ్లే వార్డుకు వచ్చి రాసుకుంటారు. స్ట్రిప్పు మీద ఉన్న బ్యాచ్ నంబర్, మందు మొదలుపెట్టిన తేదీ, మొదటి మచ్చ కనిపించిన తేదీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.